శిఖంలో దిగే బాతులు

గత జనవరిలో ఒక దినపత్రిక జిల్లా పేజీలో మా ప్రాంతపు చెరువు ఫొటో వేసి, ‘సైబీరియా అతిథులు రెట్టింపు’ అని శీర్షిక పెట్టారు. కిందటేడు 140 బాతులు రాగా ఈ ఏడాది 310 వచ్చాయని, చెరువుకు పూర్వవైభవం తిరిగి వస్తోందనడానికి ఇదే నిదర్శనమని వార్త సారాంశం. అందులోని రెండు అంకెలూ నేనిచ్చినవే. పదహారేళ్ళుగా సంగారెడ్డి, మెదక్ వైపు చెరువుల్లో చలికాలపు నీటిపక్షుల లెక్కకు వెళుతున్నాను. ఆ రోజు విలేకరి ఫోన్ చేస్తే నోటుపుస్తకం తెరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అంకెలు సరైనవే, వార్త మాత్రం తప్పు. ఆ తప్పులో నా వంతు ఎంత అన్న ఆలోచన వారం రోజులు నన్ను వదలలేదు.

వార్తలో రాని సంగతి ఇది. ఆ చెరువుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఇంకొక చెరువు ఉంది. కిందటేడు అదే ఉదయం, అదే పద్ధతిలో లెక్కపెట్టినప్పుడు అక్కడ 260 బాతులున్నాయి. ఈ ఏడాది తొమ్మిది కనబడ్డాయి. మధ్యలో వచ్చిన వేసవిలో ఆ రెండో చెరువు చుట్టూ, కట్ట ఉన్న వైపే గాక తక్కిన మూడు వైపులా కూడా, మట్టి పోసి గట్టు లేపారు. గట్టు లోపలి వాలుకు రాయి పరిచారు. పైన నడకదారి వేసి దీపాలు పెట్టారు. పాత ఏడాది రెండు చెరువుల్లో కలిపి నాలుగు వందల బాతులు. ఈ ఏడాది 319. పెరిగాయని మనం పండగ చేసుకున్న చెరువు నిజానికి పక్క చెరువు నుంచి వెళ్ళగొట్టబడిన పక్షులకు మిగిలిన చోటు. నేను విలేకరికి రెండు చెరువుల అంకెలూ కలిపి చెప్పి ఉండవలసింది. ఆయన ఒక చెరువు గురించి అడిగారు, నేను ఒక చెరువు గురించే చెప్పాను.

అందుకే ఈ వ్యాసం. ఒక చెరువులో ఒక ఉదయం తేలిన పక్షుల సంఖ్యను ఆ చెరువు ఆరోగ్యానికి ధ్రువపత్రంగా వాడుకోవడం మానేయాలని నా అభిప్రాయం. బాతుల విషయంలోనైతే, నీళ్ళ నడుమ తేలుతున్న వాటిని లెక్కపెట్టడం కన్నా ముందు, ఫిబ్రవరి నెలలో ఆ చెరువు అంచు ఎలా ఉందో చూడాలి.

సైబీరియా అనే అలవాటు

మన దగ్గర చలికాలంలో కనబడే ప్రతి పెద్ద పక్షీ సైబీరియా నుంచి వచ్చినదే అన్న నమ్మకం బలంగా ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్ళు కట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగలనూ గూడబాతులనూ (పెలికాన్లనూ), గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కిక్కిరిసే పక్షులనూ ఏళ్ళ తరబడి సైబీరియా పక్షులనే పిలుస్తున్నాం. ఆ కొంగలు, గూడబాతులు దక్షిణాసియా పక్షులే. వలస వచ్చిన పక్షి తన చలికాలపు విడిదిలో గూడు కట్టదు, గుడ్లు పెట్టదు. గూడు కట్టిన చోటే దాని పుట్టిల్లు. కొన్ని ఊళ్ళలో వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచులతో పోల్చి మాట్లాడుకుంటారు. పత్రికల శీర్షికల కన్నా ఆ పోలికే సత్యానికి దగ్గరగా ఉంది.

నేను లెక్కపెట్టేది వేరే పక్షిని. పుస్తకాల్లో బార్ హెడెడ్ గూస్ అని ఉంటుంది. తెల్లని తల వెనుక భాగంలో రెండు నల్లని చారలుంటాయి కాబట్టి చారతల బాతు అని రాస్తాను. బూడిదరంగు ఒళ్ళు, పసుపు నారింజల నడుమ రంగున్న ముక్కూ కాళ్ళూ, రెండు మూడు కిలోల బరువు. ఇది కూడా సైబీరియాది కాదు. ఇది గుడ్లు పెట్టేది మంగోలియా సరస్సుల్లోనూ, చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు ప్రాంతంలోనూ, టిబెట్ పీఠభూమి మీదా. కొన్ని మన లద్దాఖ్‌లోనే గూళ్ళు కడతాయి. మంగోలియాలో గుర్తు కోసం మెడపట్టీలు వేసి వదిలిన బాతులు దక్షిణ భారత చెరువుల్లో కనబడడం పక్షులను చూసేవారికి ఎరుకే. మా వైపు కూడా ఒకసారి అలాంటిది కనబడితే, దూరదర్శినిలోంచి చూసిన గొర్రెల కాపరి ఒకాయన, “పట్టీ ఉన్నది గద సారూ, ఎవరో సాదుకునేదే” అన్నాడు. దానికి యజమాని లేడని ఆయనకు నచ్చజెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

హిమాలయాలు దాటి వచ్చే ఈ ప్రయాణం గురించి అతిశయోక్తులు చాలా ఉన్నాయి, ఎవరెస్టు మీదుగా ఎగురుతుందన్న మాటతో సహా. పరికరాలు అమర్చి అనుసరించినప్పుడు నమోదైన గరిష్ఠ ఎత్తు సుమారు 7,290 మీటర్లు. ఎక్కువ సమయం అవి కొండవాలును అంటిపెట్టుకుని, లోయల్లోకి దిగుతూ మళ్ళీ ఎక్కుతూ పోతాయని 2015లో వచ్చిన పరిశోధన చూపింది. గాలి సాయం కోసం ఎదురుచూడకుండా, గాలి చల్లగా చిక్కగా ఉండే రాత్రివేళా తెల్లవారుజామునా, ఏడెనిమిది గంటల్లో వేల మీటర్లు రెక్కల బలంతోనే ఎక్కుతాయి. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్ మైదానపు బాతుల దానికన్నా గట్టిగా ప్రాణవాయువును పట్టుకోగలదు. కావ్యాల్లో మానస సరోవరానికి వెళ్ళే హంస ఈ బాతేనని భావించిన పండితులున్నారు. కావ్యహంస తొలి మేఘం ఉరిమినప్పుడు బయలుదేరుతుంది గాని మా బాతులు మార్చి నాటికే వెళ్ళిపోతాయి. అయినా, మంచుకొండల నడుమ సందులోంచి హంసలు దాటిపోతాయని రాసిన కవి ఎవరో ఒకరు ఈ పక్షి సంగతి విని ఉంటారనే నాకనిపిస్తుంది.

ఏ పక్షి ఏదన్న పట్టింపు ఎందుకు అంటారేమో. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళ ఇళ్ళ సముదాయం నడుమ చిన్న కుంట, దాని చుట్టూ కత్తిరించిన గడ్డి, ఆ గడ్డి మీద ఏడాది పొడవునా కెనడా బాతులు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక విమానం బాతుల గుంపును ఢీకొని హడ్సన్ నదిలో దిగింది. ఆ వేసవిలో విమానాశ్రయాల చుట్టుపక్కల పార్కుల్లో కాపురముండే బాతులను వెయ్యికి పైగా పట్టి చంపారు. ఇంజిన్లలో దొరికిన ఈకల్లోని రసాయన గుర్తులను పరీక్షించిన శాస్త్రవేత్తలు, విమానానికి తగిలినవి ఉత్తరాన కెనడా నుంచి వలస వచ్చిన బాతులని తేల్చారు. రెండూ ఒకే జాతి, రూపంలో తేడా తెలియదు, బతుకులు మాత్రం వేరు. పార్కు బాతులు తగ్గితే వలస గుంపుల నుంచి వచ్చే ప్రమాదం తగ్గదు. విమానాల భద్రత ముఖ్యం, ఆ మాట కాదనను. కానీ ఎవరిని లెక్కపెడుతున్నామో తెలియకుండా చేసిన పని ఎంతవరకు ఫలిస్తుంది?

మన చెరువుల్లోనూ ఇదే జరుగుతోంది. గూళ్ళు కట్టే కొంగకు నీళ్ళ నడుమ తుమ్మచెట్లు కావాలి. చారతల బాతుకు చెట్టూ పొదా లేని బయలు కావాలి, నక్క గాని కుక్క గాని వస్తే దూరం నుంచే కనబడాలి. అన్నీ సైబీరియా పక్షులే అనుకున్నప్పుడు ‘పక్షుల కోసం’ అని శిఖంలో, అంటే నీరు తగ్గాక బయటపడే చెరువు వాలులో, మొక్కలు నాటుతాం. మంచి మనసుతోనే నాటుతాం. బాతులు ఆ వైపు రావడం మానేస్తాయి.

నిండు చెరువు

గొలుసుకట్టు చెరువు నిర్మాణం మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఒక వైపు కట్ట, దానికి తూము, పక్కన మత్తడి. తక్కిన వైపులా నేల మెల్లగా పైకి లేస్తూ పోతుంది. ఆ వాలే శిఖం. అక్టోబరులో నిండిన నీరు డిసెంబరు నుంచి వెనక్కి తగ్గుతూ ఉంటే, రోజుకు అడుగో రెండడుగులో బురద బయటపడుతుంది. వారం తిరగకుండా అక్కడ లేత గడ్డి, తుంగ మొలుస్తాయి. చారతల బాతు తినేది ఆ లేత పచ్చిక. పగలంతా గుంపుగా నీటి అంచున విశ్రమించి, పొద్దు గూకాక మేతకు కదులుతుంది. నీరు వెనక్కి పోయేకొద్దీ కొత్త మేత తయారవుతూ ఉండడం వల్ల డిసెంబరు నుంచి అవి వెళ్ళిపోయేదాకా ఒక్క చెరువు వాటిని పోషించగలదు. లోతు నీళ్ళతో దానికి పని లేదు.

2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, వాటిలో ఎన్నో పూడిపోయి, తూములు విరిగి, మత్తళ్ళు కూలి ఉన్నాయి. పూడిక తీసి ఆ మట్టిని చేలకు తోలుకోవడం పాత ఆచారమే. చెరువు బతకకపోతే ఊరు బతకదు, బాతూ రాదు. నా బాధ పూడికతీత గురించి కాదు. చెరువు అందంగా ఉండడమంటే అంచు దాకా నీళ్ళు నిండి, చుట్టూ రాతి గట్టు ఉండడమే అన్న ఊహ ఒకటి మనలో స్థిరపడింది. పట్టణాల పక్క చెరువులను ఆ ఊహ ప్రకారమే తీర్చిదిద్దుతున్నాం. గిన్నెకున్నట్టు నిలువుగా గోడలు లేపిన చెరువులో నీరు ఒక మీటరు తగ్గినా కొత్త నేల జానెడు కూడా బయటపడదు. కొల్లేరులో చేపల చెరువులు తవ్వి గట్లు వేసిన చోట్ల కూడా నష్టపోయింది ఈ పల్లపు అంచే. అక్కడ నీరు లేక కాదు, లోతు పెరిగి, వాలు పోయి పక్షికి కాలు మోపే చోటు లేకపోయింది.

రాత్రి కాపలా

ఈ వాదనకు మొదటి అభ్యంతరం రైతు నుంచి వస్తుంది, అది నేను తేలిగ్గా తీసుకోలేనిది. నాలుగేళ్ళ కిందట శిఖానికి ఆనుకుని శనగ వేసిన ఒక రైతు నన్ను ఆపి అడిగాడు: “సారూ, మీరు పొద్దుగాల వచ్చి లెక్కవెట్టుకొని పోతరు. రాత్రి అవి నా చేన్ల ఎంత తింటున్నయో ఆ లెక్క ఎవరు వెడతరు?” నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి ఆయనతో పాటు చేను గట్టు మీద కూర్చున్నాను. తొమ్మిది దాటాక చీకట్లో ముక్కుతో పలికినట్టున్న పిలుపులు తల మీదుగా వచ్చి చేలో వాలాయి. ఆయన డబ్బా మోగిస్తే లేచి, వంద గజాలు పోయి మళ్ళీ దిగాయి. తెల్లవారే దాకా ఇదే వరస. పొద్దున చూస్తే చెరువు వైపు మూలలో రెండు మూడు గుంటల మేర చిగుళ్ళు కొరికేసి ఉన్నాయి. మొత్తం చేనుకు అది పెద్ద నష్టం కాకపోవచ్చు, కానీ ఆ రెండు నెలల నిద్రకు వెల కట్టేవారు లేరు. వన్యప్రాణుల వల్ల పంట నష్టమంటే అడవిపందుల గురించి వింటాం. బాతుల గురించి అడిగిన రైతును కార్యాలయాల్లో వింతగా చూస్తారని ఆయన చెప్పాడు.

ఆయన చేను గట్టు మీద కూర్చున్నప్పుడు నాకొక అనుమానం కలిగింది. ఆ ఏడు చెరువులో నీరు ఆలస్యంగా తగ్గింది. సంక్రాంతి దాటినా శిఖం బయటపడలేదు. మరుసటి ఏడు జనవరికే నీరు బాగా వెనక్కి పోయి పచ్చిక వచ్చింది, ఆయన కాపలా మూడు వారాలతో ముగిసింది. ఒక రైతు, రెండు ఏళ్ళు, ఒక చేను. దీన్నిబట్టి సిద్ధాంతం చేయకూడదని నాకు తెలుసు. నీరు త్వరగా తగ్గితే యాసంగి వరికి కొరత వస్తుందని కూడా తెలుసు. తూము ఎప్పుడు తీయాలన్నది నీటి సంఘాల్లో తగువులు పడి తేల్చుకునే విషయం, పక్షుల కోసం తెరవమని అడిగే హక్కు నాకు లేదు. నేను అడిగేది అంతకన్నా చిన్నది. నీరు సహజంగా తగ్గినప్పుడు నేల బయటపడే వాలును కనీసం ఒక వైపైనా ఉంచమంటాను. శిఖంలో మేత ఉంటే చేలో భారం కొంతైనా తగ్గుతుందని నమ్ముతున్నాను.

మన చెరువుదే తప్పా?

రెండో అభ్యంతరం నాతో పాటు లెక్కకు వచ్చే మిత్రుడిది. ఆయన పరిశోధన పత్రాలు శ్రద్ధగా చదువుతారు. “మీరు ఆరు కిలోమీటర్ల దూరం చూస్తున్నారు, ఆ బాతు మూడు వేల కిలోమీటర్లు చూస్తుంది” అంటారు. ఆయన చూపించిన సంగతి ఇది. టిబెట్‌లో బ్రహ్మపుత్ర ఎగువ లోయలో చలికాలం గడిపే చారతల బాతులు 1990ల మొదట్లో పదిహేను వేలకు లోపే ఉండేవి. 2010ల మధ్య నాటికి అరవై వేలు దాటాయి. అక్కడ శీతాకాలపు గోధుమ సాగు పెరిగింది, కోత తరువాత చేలలో గింజలు మిగులుతున్నాయి, వేట తగ్గింది, చలి తీవ్రత కూడా తగ్గింది. కొండ అవతలే కడుపు నిండుతుంటే, ప్రాణాలకు తెగించి హిమాలయాలు దాటవలసిన అవసరం కొన్ని గుంపులకైనా తీరి ఉండవచ్చు. అంటే నా రెండు చెరువుల్లో తగ్గిన 81 బాతులు, మా జిల్లాలో ఏ రాతిగట్టుతోనూ సంబంధం లేకుండా, టిబెట్ గోధుమ చేలలో హాయిగా మేస్తూ ఉండవచ్చు.

ఈ మాటను కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఒక జాతిగా చారతల బాతు ఆపదలో లేదు కూడా. కానీ ఇదే వాదన శీర్షికకూ వర్తిస్తుందని మిత్రుడికి చెప్పాను. తగ్గినప్పుడు చెరువును తప్పు పట్టడానికి వీల్లేకపోతే, పెరిగినప్పుడు చెరువును మెచ్చుకోవడానికీ వీల్లేదు. పైగా 81 సంగతి సందేహమే అయినా, 260 నుంచి తొమ్మిదికి పడిపోయిన చెరువు సంగతి సందేహం కాదు. గట్టు వేయకముందు ఉన్నాయి, వేశాక లేవు, ఆరు కిలోమీటర్ల అవతల అదే రోజున ఉన్నాయి. టిబెట్‌లో ఆగిపోయిన బాతులు రెండు చెరువుల్లోనూ సమంగా తగ్గాలి గదా. ఒక చెరువును వదిలి పక్కదాన్ని ఎంచుకోవడానికి కారణం ఇక్కడే వెతకాలి.

ఒకే చోట గుమికూడడం గురించి నాకు ఇంకొక భయం ఉంది. 2005 మే నెలలో చింగ్‌హాయ్ సరస్సులో బర్డ్ ఫ్లూ సోకి ఆరు వేలకు పైగా పక్షులు చనిపోయాయి, వాటిలో అత్యధికం చారతల బాతులే. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల నుంచి బ్రిటన్‌లోని సాల్వే తీరానికి వలస వచ్చే బార్నకిల్ బాతుల కథ ఇంకా దగ్గరగా చూడదగినది. 1940ల చివరలో మూడు వందలకు పడిపోయిన ఆ గుంపు, వేట ఆపి నేలను కాపాడడం వల్ల నలభై వేలకు చేరింది. పక్షుల సంరక్షణలో చెప్పుకోదగిన విజయం అది. అవన్నీ దాదాపు ఒకే తీరంలో చలికాలం గడుపుతాయి. 2021–22 చలికాలంలో అక్కడికి బర్డ్ ఫ్లూ వచ్చి ఇంచుమించు మూడో వంతును తీసుకుపోయింది. సంఖ్య పెరగడం వేరు, ఆ సంఖ్య నాలుగు చోట్ల సర్దుకుని ఉండడం వేరు. మా 310 ఒక్క చెరువులో ఇరుక్కుని ఉన్నాయన్న సంగతి శీర్షికలో లేదు.

గేదెలు పోయిన చోట

శిఖాన్ని కాపాడాలంటే కంచె వేసి మనుషులను, పశువులను రానీయకూడదని కొందరు మిత్రులు అంటారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ అనుభవం దీనికి విరుద్ధంగా ఉంది. 1981లో అక్కడి కేవలాదేవ్ చిత్తడినేలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, 1982లో గేదెల మేతను నిషేధించారు. నిరసనకు దిగిన గ్రామస్థుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. మేతను ఆపాలని గట్టిగా కోరిన వారిలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఒకరు. గేదెలు వెళ్ళిపోయాక నీటిగడ్డి అదుపు లేకుండా పెరిగి పల్లపు నీళ్ళను కమ్మేసింది, బాతులకు చోటు తగ్గింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పదేళ్ళ పాటు అక్కడే చేసిన అధ్యయనం, గేదెల మేత ఆ చిత్తడినేలకు మేలు చేసేదని తేల్చింది. సలీం అలీ అంతటివారు, అంత ప్రేమతో ఇచ్చిన సలహా కూడా పొరపాటు కావడం, ఆ పొరపాటును ఆయన సంస్థే పరిశోధించి బయటపెట్టడం నాకు ఎప్పుడూ గుర్తుండే విషయం.

మా చెరువులో ఆ పని గొర్రెలు, బర్రెలు చేస్తాయి. మేసిన చోట గడ్డి కురచగా, లేతగా ఉంటుంది. బాతులు వాలేది అక్కడే. మెడపట్టీ బాతు ఎవరిదని అడిగిన కాపరి మంద తిరిగే పడమటి వైపునే ఈ జనవరిలో 310లో సగానికి పైగా ఉన్నాయి. తెల్లవారుజామున మందను దూరంగా నిలిపి, మేం లెక్క ముగించేదాకా ఆయన ఆగుతాడు.

ఇప్పుడు ఈ చెరువు చుట్టూ కూడా గట్టు వేసే ప్రతిపాదన వచ్చింది. పడమటి వైపు నాలుగు వందల మీటర్లు రాయి పరచకుండా, దీపాలు పెట్టకుండా, మొక్కలు నాటకుండా, మంద రాకపోకలకు అడ్డు లేకుండా వదిలేయమని నేనూ, ఆ శనగ రైతూ, కాపరీ కలిసి సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. రెండు చెరువుల అంకెలూ ఈసారి పక్కపక్కనే రాశాం. ఇంజనీరు యువకుడు. కాగితం ఓపిగ్గా చదివి, నక్షా మీద ఆ నాలుగు వందల మీటర్లకూ పెన్సిలుతో గీత గీశారు. తరువాత తల ఎత్తి అడిగారు:

“సార్, అక్కడ రాయి లేకపోతే వేసవికి ముందే బురద కనబడుతుంది కదా?”

“కనబడాలండీ. దాని కోసమే వచ్చాం” అన్నాను.

ఆయన ఆ మాటను గీత పక్కన రాసుకున్నారు. అర్జీకి జవాబు ఇంకా రాలేదు.